కంప్రెసివ్ సెన్సింగ్ చేసే కెమెరా చిప్పు: పల్లి చేను కాపలాకు పనికొస్తదా?

అచ్చంపేట_పల్లిచేను
శనివారం రాత్రి 10:52

అందరికి నమస్తే. నేను ఎంటెక్ వీఎల్ఎస్ఐ (చిప్పుల డిజైన్) రెండో సంవత్సరం, ఊరు అచ్చంపేట కాడ, అడవి అంచుకే ఉంటది. ప్రాజెక్టుకు కంప్రెసివ్ సెన్సింగ్, అంటే పిక్సెల్స్‌ను ఒక్కోటి చదవకుండ కలిపి కూడి తక్కువ సార్లు కొలుసుడు, అది చేసే ఇమేజ్ సెన్సర్ డిజైన్ తీసుకున్న. ఎందుకంటే ఇంటికాడ యాసంగి పల్లి వేస్తం, ఊడలు దిగి కాయ పట్టే టైంకు నల్లమల దిక్కు నుంచి అడవిపందులు గుంపుగ దిగుతయి, ఒక్క రాత్రిల అరెకరం తవ్వి పోసిన రోజు కూడ ఉన్నది. నాయిన మంచె మీదనే పండుకుంటడు, వయసు అరవై దాటింది, చలికి దగ్గు పడుతున్నడు. గట్టుకు ఒక కర్ర పాతి చిన్న సోలార్ పలకతోని నడిచే కెమెరా పెట్టాలె, పంది వస్తే ఇంటికాడ బజర్ మోగాలె. అక్కడ ఫోన్ సిగ్నల్ ఉండదు, దూరం పోయే గానీ కొంచెం డేటానే మోసే లోరా రేడియో ఒక్కటే దిక్కు, దాంట్ల ఫొటో పంపుడంటే సూది బెజ్జంల మోకు దూర్చినట్టు. అందుకే సెన్సర్ కాడనే డేటా తగ్గితే మంచిదని ఇటు దిక్కు వచ్చిన.

పేపర్లు చదువుతున్న గానీ మూడు కాడ ఆగిపోయిన. పిక్సెల్స్ అన్నీ కలిపి కూడినంక మళ్ల విడివిడిగ ఎట్ల తిరిగొస్తయి? నాలుగు తెలియని సంఖ్యలకు ఒక్క సమీకరణం ఉంటే జవాబు తేలదని బడిలనే చెప్పిండ్రు. రెండోది, చిప్పు లోపట ఈ కూడుడు ఎక్కడ జరుగుతది? మూడోది, నిజంగ కరెంటు మిగులుతదా? తెలిసినోళ్లు జెర చెప్పుండ్రి.

పిల్లలమర్రి_నీడ
శనివారం రాత్రి 11:30

తమ్మీ, నేను పాలమూరోణ్ణే, పద్నాలుగేండ్ల సంది సెన్సర్ రీడౌట్ సర్క్యూట్ల మీద పని చేస్తున్న. నీ రెండో ప్రశ్న కాడికి వచ్చే ముందు మామూలు చిప్పుల ఏమైతదో చూడు.

సీమాస్ సెన్సర్ల ఒక్కో పిక్సెల్‌కు ఒక ఫొటోడయోడ్, నాలుగు ట్రాన్సిస్టర్లు. వెలుతురు పడితే ఎలక్ట్రాన్లు డయోడ్ల జమైతయి, ట్రాన్స్‌ఫర్ గేటు తెరిస్తే ఫ్లోటింగ్ డిఫ్యూజన్ అనే చిన్న కెపాసిటర్లకు జారుతయి, అక్కడ వోల్టేజ్ తయారైతది, సోర్స్ ఫాలోవర్ దాన్ని కాలమ్ తీగ మీదికి తోస్తది. ఒక వరుస మొత్తం ఒక్కపారే అడుగున ఉన్న ఏడీసీలకు, అంటే వోల్టేజ్‌ను నంబర్ చేసే సర్క్యూట్లకు, చేరుతది, రీసెట్ విలువ ఒకటి, సిగ్నల్ విలువ ఒకటి చదివి తేడా తీస్తరు, దాన్నే సీడీఎస్ అంటరు. ఇగ కరెంటు సంగతి. ఫొటోడయోడ్ దాదాపు ఏం తినది. తినేది ఏడీసీలు, ఆ నంబర్లను చిప్పు బయటికి మోసే డ్రైవర్లు. ఇంత ఖర్చు పెట్టి ప్రతి పిక్సెల్ చదువుతం, చదివినంక జేపెగ్ పెట్టి దాంట్ల ఎక్కువ భాగం పారేస్తం. పారేసేదాన్ని మొదలే ఎందుకు కొలవాలె అని అడిగిందే కంప్రెసివ్ సెన్సింగ్. డేవిడ్ డోనోహో ఒక దిక్కు, కాండెస్, రోంబర్గ్, టెరెన్స్ టావో ఇంకో దిక్కు, 2006ల వచ్చిన వాళ్ల పేపర్లే దీనికి పునాది. ఏడీసీకి ముందే పిక్సెల్స్‌ను కలిపేసి తక్కువ సార్లు చదవాలె, బొమ్మ తిరిగి కట్టే బరువంతా అవతలున్న కంప్యూటర్ మీద వెయ్యాలె. నీ పొలంల సోలార్ పలక, ఇంటికాడ కరెంటు, కాబట్టి ఆ పంపకం నీకు సరిపోతది.

గద్వాల_జరీ
శనివారం రాత్రి 11:48

నేను ఎలక్ట్రానిక్స్ మనిషిని కాదు, సాఫ్ట్‌వేర్. నాకు అర్థమైన వరకు ఇది అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూసుడు లెక్కనే కదా అన్నా, అన్ని పిక్సెల్స్ చూడకుండ కొన్ని చూసి మిగిలినయి ఊహించుడు?

మిర్యాలగూడ_మేడం
ఆదివారం ఉదయం 7:15

జరీ గారూ, అక్కడే చాలామంది పొరబడతారు, మా క్లాసులో పిల్లలు కూడా అదే చెప్తారు. మెతుకు పట్టి చూస్తే చూడని మెతుకు గురించి ఏమీ తెలీదు, మెతుకులన్నీ ఒకలాంటివే అనే నమ్మకంతో బతకాలి. చీకట్లో ఒక మూల చిన్న పంది పిల్ల ఉంటే, మీరు పట్టుకున్న మెతుకులో అది లేకపోతే అంతే. కంప్రెసివ్ సెన్సింగ్ పప్పుచారు గరిటె లాంటిది. ఏ గరిటె తీసినా అందులో చింతపండు, ఉప్పు, పప్పు అన్నీ కొంచెం కొంచెం ఉంటాయి. ప్రతి కొలతలోనూ చాలా పిక్సెల్స్ కలిసి ఉండాలి, ఒక్కో కొలతలో వేరే వేరే కలయికలో ఉండాలి.

పల్లిచేను బాబూ, నీ మొదటి ప్రశ్నకి పాల కేంద్రం లెక్క చెప్తాను. 15 క్యాన్లు వచ్చాయి, ఒక దాంట్లో నీళ్లు కలిపారని అనుమానం. వాటికి 1 నుంచి 15 దాకా నంబర్లు వెయ్యి. నాలుగు గిన్నెలు పెట్టి వాటి మీద 8, 4, 2, 1 అని రాయి. 11వ క్యాన్ అంటే 8+2+1, కాబట్టి దాని పాలు ఆ మూడు గిన్నెల్లోనూ కొంచెం పొయ్యి. 6వ క్యాన్ అయితే 4, 2 గిన్నెల్లో. అన్నీ పోశాక నాలుగే పరీక్షలు. ఏ గిన్నెల్లో నీళ్లు తేలాయో వాటి మీది అంకెలు కూడితే దొంగ క్యాన్ నంబర్ వస్తుంది, ఏ గిన్నెలోనూ తేలకపోతే అంతా మంచి పాలే. 15 తెలియనివి, 4 కొలతలు, అయినా జవాబు ఒక్కటే.

ఎలా సాధ్యమైంది? చెడ్డ క్యాన్ ఒక్కటే ఉంటుందని మనకి ముందే తెలుసు కాబట్టి. దాన్నే స్పార్స్ అంటాం, ఎక్కువ భాగం సున్నాలే అని. బడిలో చెప్పింది తప్పు కాదు, సమీకరణాలు తక్కువైతే లెక్కలేనన్ని జవాబులు ఉంటాయి, వాటిలో సున్నాలు ఎక్కువున్న జవాబుని ఏరుకుంటాం. నేరుగా సున్నాలు లెక్కపెడుతూ వెతికితే యుగాలు పడుతుంది, అందుకని ప్లస్, మైనస్ గుర్తులు వదిలేసి విలువల మొత్తాన్ని తగ్గించే ఎల్1 పద్ధతి వాడతారు, షరతులు కుదిరితే అదే జవాబు వస్తుందని నిరూపించడమే 2006 పేపర్ల గొప్పతనం. ఎన్ పిక్సెల్స్‌లో కే మాత్రమే సున్నా కానివైతే, కొలతలు సుమారుగా కే ఇంటూ లాగ్ ఆఫ్ ఎన్ బై కే స్థాయిలో చాలు. ఫొటోలో పిక్సెల్స్ సున్నాలు కావు కదా అంటావేమో, బొమ్మని అలల కూడికగా రాసే వేవ్‌లెట్‌లోకో డీసీటీలోకో మారిస్తే చాలా గుణకాలు సున్నాకి దగ్గరగా ఉంటాయి. జేపెగ్ బతికేది కూడా దాని మీదే.

అచ్చంపేట_పల్లిచేను
ఆదివారం ఉదయం 9:02

మేడం, పాల క్యాన్ల లెక్క కాగితం మీద వేసి చూసిన, నాయినకు కూడ చెప్పిన, ఆయనకు వెంటనే అర్థమైంది. గరిటె మాట కూడ మనసుకు పట్టింది. ఇగ హార్డ్‌వేర్. పేపర్లల్ల మొదట కనపడేది ఒక్క పిక్సెల్ కెమెరా, అది పొలంల నడుస్తదా?

కృష్ణమ్మ_ఒడ్డు
ఆదివారం మధ్యాహ్నం 1:20

నాది ఆప్టిక్స్, సోమశిల దిక్కు మా ఊరు. ఒక్క పిక్సెల్ కెమెరా హ్యూస్టన్‌ల రైస్ యూనివర్సిటీల రిచర్డ్ బరానియుక్, కెవిన్ కెల్లీ బృందం చేసింది. ప్రొజెక్టర్లల్ల ఉండే టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ డీఎండీ చిప్పు తీసుకున్నరు, లక్షల్ల సూక్ష్మ అద్దాలు, ఒక్కో అద్దం అటో ఇటో వంగుతది. లెన్స్ నుంచి వచ్చిన బొమ్మ ఆ అద్దాల మీద పడ్తది, ఇటు వంగిన అద్దాల వెలుతురంతా ఒకే ఒక్క డయోడ్ మీద పోగైతది. అద్దాల నమూనా మార్చాలె, కొలవాలె, మళ్ల మార్చాలె, మళ్ల కొలవాలె.

మామూలు వెలుతురుకు దీని అవసరం తక్కువ, సిలికాన్ పిక్సెల్స్ పల్లికాయ లెక్క అగ్గువ. దీని విలువ ఇన్‌ఫ్రారెడ్ కాడ తెలుస్తది. సిలికాన్ దాదాపు 1100 నానోమీటర్ల వరకే చూస్తది, ఆపైన ఇండియం గాలియం ఆర్సెనైడ్ కావాలె, అది మస్తు పిరం. అక్కడ లక్ష పిక్సెల్స్ కొనే బదులు ఒక్కటి కొని అద్దాలతోని పని కానిచ్చుడు తెలివైన పని. గానీ కొలతలు ఒకదాని ఎనుక ఒకటి జరుగుతయి, ఆ సందుల పంది నాలుగడుగులు వేస్తే నీ సమీకరణాలన్నీ వేరే వేరే బొమ్మలవి అయితయి. పొలంల కదిలేదాన్ని పట్టనీకి ఇది కాదు తమ్మీ.

పిల్లలమర్రి_నీడ
ఆదివారం రాత్రి 9:40

ఒడ్డు చెప్పింది కరెక్టు, ఇగ చిప్పు మీద చేసేటియి చెప్త.

పిక్సెల్ లోపటనే లెక్క చేసే దారి ఒకటి. జార్జియా టెక్ వాళ్లు పిక్సెల్లనే అనలాగ్ గుణకారం అయ్యేటట్టు చేసిండ్రు, స్విట్జర్లాండ్ ఈపీఎఫ్ఎల్ వాళ్లు ప్రతి పిక్సెల్ల ఒక బిట్ రిజిస్టర్ పెట్టి ప్లస్సా మైనస్సా అనే గుర్తును పిక్సెల్ నుంచి పిక్సెల్‌కు జరిపే డిజైన్ చూపెట్టిండ్రు. ఆలోచన మంచిగనే ఉన్నది గానీ పిక్సెల్ల ఒక్కో ట్రాన్సిస్టర్ పెరిగినకొద్ది డయోడ్‌కు జాగ తగ్గుతది, ఫిల్ ఫాక్టర్ పడిపోతది, రాత్రిపూట చూడాల్సిన నీకు వెలుతురే బంగారం, దాన్ని పోగొట్టుకోవద్దు.

నాకు నచ్చింది రెండో దారి, పిక్సెల్‌ను ముట్టకుండ కాలమ్ అడుగున కలుపుడు. స్టాన్‌ఫర్డ్‌ల యూసుకే ఓయికే, అబ్బాస్ ఎల్ గమాల్ చేసిన చిప్పు తప్పకుండ చదువు, 2012ల ఐఎస్ఎస్‌సీసీ అనే చిప్పుల కాన్ఫరెన్స్‌ల వచ్చింది, 2013ల జర్నల్ పేపర్ ఉన్నది. 256×256 పిక్సెల్స్, ప్రతి కాలమ్‌కు సిగ్మా-డెల్టా ఏడీసీ. సిగ్మా-డెల్టా ఏం చేస్తదో యాది తెచ్చుకో, ఇన్‌పుట్‌ను మస్తు సార్లు ఒక్కో బిట్ల చూసి వాటి సగటు చెప్తది. వాళ్లు పట్టుకున్నది ఏందంటే, ఆ చూసే టైంల ఇన్‌పుట్‌కు ఒకే పిక్సెల్ పెట్టకుండ ఒకదాని ఎనుక ఒకటి వేరే వేరే పిక్సెల్స్ తగిలిస్తే, చివరికి వచ్చే సగటే ఆ పిక్సెల్స్ అన్నిటి మొత్తమైతది. కూడనీకి వేరే సర్క్యూట్ అక్కర్లేదు, ఏడీసీనే కూడుతది. మామూలు పద్ధతిల సెకనుకు 120 ఫ్రేములు ఇచ్చే చిప్పు, పదహారో వంతు కొలతలతోని 1920 ఫ్రేములు ఇచ్చింది. ఈ పేపర్ మొదటిసారి చదివిన రోజు నాకు నిద్ర పట్టలే.

ఇంకో దారి టైంను కోడ్ చేసుడు. ఒకే ఎక్స్‌పోజర్ల ఒక్కో పిక్సెల్‌ను ఒక్కో టైంకు తెరిచి మూసి, ఒకే ఫొటో నుంచి చిన్న వీడియో తీస్తరు, 2011ల కొలంబియా యూనివర్సిటీ నుంచి ఈ దిక్కు మంచి పని వచ్చింది. టొరంటోల ఒక పిక్సెల్‌కు రెండు బకెట్లు పెట్టి, వెలుతురును ఈ బకెట్లనా ఆ బకెట్లనా అని మార్చుకుంట పోయే చిప్పు చేసిండ్రు, ఏ ఫోటానూ ఉత్తగ పోదు. నీకు ఇప్పుడు అంత అవసరం లేదు.

నల్లగొండ_బత్తాయి
ఆదివారం రాత్రి 10:25

నేను నల్లగొండ గడియారం సెంటర్ కాడ ఇరవై ఏండ్లుగ బోర్డులు రిపేర్ చేస్తున్న, ఫర్మ్‌వేర్ రాస్త. చదివి గుండెల ఒకటి అడ్డం పడ్డది, అడుగుత. పదహారో వంతు, నాలుగో వంతు అంటరు గదా, లెక్క బిట్లల్ల చెప్పుండ్రి. 8×8 బ్లాక్ తీసుకోండ్రి, 64 పిక్సెల్స్, ఒక్కోటి 10 బిట్లు, మొత్తం 640 బిట్లు. నాలుగో వంతు కొలతలు అంటే 16. ఒక్కో కొలతల సగం పిక్సెల్స్, అంటే 32 కలుస్తయి. 32 ఇంటూ 1023 అంటే 32,736, అది పట్టాల్నంటే 15 బిట్లు కావాలె. 16 ఇంటూ 15, 240 బిట్లు. 640ని 240తోని భాగిస్తే రెండున్నర కన్న కొంచెం ఎక్కువ. నాలుగు రెట్లు యాడ ఉన్నది?

మేడం చెప్పిన పాల లెక్కల కూడ ఇదే మెలిక ఉన్నది. ఒక్కో గిన్నెల 8 క్యాన్ల పాలు కలుస్తయి, ఒక్క క్యాన్ నీళ్లు దాంట్ల కలిస్తే లాక్టోమీటర్ కదిలేది కొంచెమే. నాలుగే పరీక్షలు సరే, గానీ అంత సన్నంగ చూసే లాక్టోమీటర్ కొనాలె.

మిర్యాలగూడ_మేడం
ఆదివారం రాత్రి 10:41

బత్తాయి గారూ, చాలా సరైన మాట. ఆ లాక్టోమీటర్ మాట రేపటి నుంచి మా క్లాసులో కూడా చెప్తాను.

పిల్లలమర్రి_నీడ
ఆదివారం రాత్రి 11:15

బత్తాయన్న, మీరు పట్టింది అసలు ప్రశ్న. పేపర్లల్ల కొలతల సంఖ్య చెప్పి బిట్ల సంఖ్య మింగేస్తే చదివేటోడు మోసపోతడు. కెపాసిటర్లను ఒకదానికొకటి కలిపి ఛార్జ్ పంచుకునే పద్ధతిల ఇది ఇంకా కొడ్తది, ఎందుకంటే అక్కడ వచ్చేది మొత్తం కాదు, సగటు. 32 పిక్సెల్స్ సగటు తీస్తే ఒక పిక్సెల్ల ఒక మెట్టు తేడా 32ల ఒకటో వంతు అయి 10 బిట్ల ఏడీసీకి కనపడనే కనపడదు. పైగ కెపాసిటర్‌కు దాని సొంత నాయిస్ ఉంటది, 100 ఫెమ్టోఫారడ్ల కెపాసిటర్‌కు గది వేడిల 0.2 మిల్లీవోల్టులు. ఒక వోల్ట్ రేంజిల 10 బిట్ల మెట్టు దాదాపు ఒక మిల్లీవోల్ట్, 15 బిట్ల మెట్టు 0.03 మిల్లీవోల్ట్. ఆ నాయిస్ కింద మెట్టు మునిగిపోతది. సిగ్మా-డెల్టా ఇక్కడ గెలుస్తది, అది ఎట్లనైనా మస్తు సార్లు చూస్తది కాబట్టి బిట్లు దాని పనిలనే వస్తయి.

ఇంకో దెబ్బ కూడ ఉన్నది. 0, 1 నమూనాతోని కూడితే ప్రతి కొలతల బ్లాక్ సగటు వెలుతురు సగం వచ్చి కూసుంటది, మనకు కావాల్సిన వివరం దాని మీద చిన్న అలలాగ ఉంటది. ఫోటాన్ల నాయిస్ ఆ పెద్ద మొత్తం వర్గమూలం లెక్కన పెరుగుతది. అందుకని వెలుతురు బాగున్న కాడ ఇట్ల కలుపుడుతోని లాభం పోయి నష్టం కూడ రావచ్చు. రీడ్ నాయిస్ (చదివే సర్క్యూట్ కలిపే నాయిస్) ఎక్కువున్న కాడ, చీకట్ల, కలుపుడు సాయం చేస్తది. ప్లస్, మైనస్ నమూనా వాడి సీడీఎస్ లెక్కనే తేడా తీస్తే ఆ సగటు పోయి ఏడీసీ రేంజి ఊరికే నిండదు, గానీ ఫోటాన్ల నాయిస్ మాత్రం తీసేసినా పోదు. ఇది బాగ గుర్తు పెట్టుకో తమ్మీ.

గద్వాల_జరీ
సోమవారం ఉదయం 8:10

ఆ నమూనాలు చిప్పుల యాడ దాస్తరు? 256×256 బొమ్మకు నాలుగో వంతు కొలతలంటే 65,536 ఇంటూ 16,384 బిట్ల మాట్రిక్స్, అంటే వంద కోట్ల పైన బిట్లు, 128 మెగాబైట్లు. సెన్సర్ కన్న మెమరీనే పెద్దగైతది కదా.

పిల్లలమర్రి_నీడ
సోమవారం ఉదయం 8:35

అందుకే బ్లాకులు. 8×8 బ్లాక్‌కు 16 కొలతలంటే 1024 బిట్లే, అన్ని బ్లాకులకు అదే వాడొచ్చు. అవి కూడ దాచక్కర్లేదు, ఎల్ఎఫ్ఎస్ఆర్ అనే చిన్న షిఫ్ట్ రిజిస్టర్ పెట్టి సీడ్, అంటే మొదలుపెట్టే నంబర్, ఒక్కటి ఇస్తే నమూనా అదే పుట్టిస్తది, అదే పనికి రూల్ 30 సెల్యులర్ ఆటోమేటన్ వాడినోళ్లు కూడ ఉన్నరు. ఇంటికాడ కంప్యూటర్‌కు అదే సీడ్ తెలిస్తే చాలు.

మిర్యాలగూడ_మేడం
సోమవారం సాయంత్రం 6:30

పల్లిచేను బాబూ, పొద్దున్నుంచీ నీ పొలం గురించే ఆలోచిస్తున్నాను. మనం ఇంతసేపూ ఫొటో తిరిగి కట్టడం గురించి మాట్లాడుతున్నాం. నీకు ఫొటో కావాలా, పంది వచ్చిందో లేదో కావాలా?

కెమెరా కర్రకి బిగించి ఉంది, కదలదు. ఖాళీ చేను కొలతలు ఒకసారి దాచుకో. ఇప్పటి కొలతల్లోంచి వాటిని తీసెయ్యి. కొలత అంటే కూడికలే కాబట్టి, కొలతల తేడా అంటే బొమ్మల తేడాని కొలిచినట్టే. ఖాళీ చేనుకీ పంది ఉన్న చేనుకీ తేడా బొమ్మలో పంది ఉన్న చోట తప్ప అంతా సున్నాయే. వేవ్‌లెట్ కూడా అక్కర్లేదు, ఆ తేడా నేరుగా పిక్సెల్స్‌లోనే స్పార్స్, అచ్చంగా మన పాల క్యాన్లే. 2008లోనే ఈ బ్యాక్‌గ్రౌండ్ తీసివేత మీద పేపర్ వచ్చింది, రైస్ బృందంతో కలిసి చేసిన పని. ఫొటో కట్టకుండా కొలతల్లోనే మార్పు పట్టుకోవచ్చు, మార్పు ఉన్న బ్లాకుల్ని మాత్రమే ఇంటికి పంపొచ్చు.

అచ్చంపేట_పల్లిచేను
సోమవారం రాత్రి 9:55

మేడం, మీ మెసేజ్ చదివి లేచి నిలబడ్డ. లెక్క వేసిన. 64×64 సెన్సర్ అంటే 8×8 బ్లాకులు 64. ఒక్కో బ్లాక్‌కు 240 బిట్లు, మొత్తం 15,360 బిట్లు, 1,920 బైట్లు, ఖాళీ చేను దాచుకోనీకి గంత మెమరీ చాలు. లోరా ప్యాకెట్ల ఎక్కువల ఎక్కువ 255 బైట్లే పడ్తయి. పంది ఒక ఆరు బ్లాకుల్ల ఉన్నదనుకుంటే 6 ఇంటూ 240, అంటే 1,440 బిట్లు, 180 బైట్లు. ఒక్క ప్యాకెట్ల పోతది! మన దేశంల 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ లైసెన్స్ లేకుండ వాడుకోవచ్చు కాబట్టి ఖర్చు కూడ లేదు.

నల్లగొండ_బత్తాయి
సోమవారం రాత్రి 10:20

తమ్మీ, సంబురం పాడు చేయాలని కాదు, మీ నాయిన చలికి దగ్గుతున్నడని రాసినవు కాబట్టి చెప్తున్న. ఇదే పని మామూలు సెన్సర్‌తోని కూడ అయితది. మారిన ఆరు బ్లాకులు కుదించకుండ పంపినా 480 బైట్లు, రెండు ప్యాకెట్లు. హైమాక్స్ కంపెనీది హెచ్ఎం01బీ0 అనే చిన్న సెన్సర్ ఉన్నది, 320×240ల సెకనుకు 30 ఫ్రేములు తీస్తూ 2 మిల్లీవాట్ల లోపే తాగుతది, కదలిక పట్టే పని కూడ దాంట్లనే ఉన్నది. ఈ యాసంగికి ఆ సెన్సర్, ఒక మైక్రోకంట్రోలర్, లోరా మాడ్యూల్ కలిపి నేను బోర్డు చేసిస్త, నాయినను మంచె దించు. నీ చిప్పు నువ్వు చెయ్యి, గానీ చిప్పు తయారై వచ్చేదాక పందులు ఆగవు.

పిల్లలమర్రి_నీడ
సోమవారం రాత్రి 11:05

అన్న మాటకు నేను కట్టుబడి ఉంట. మామూలు వెలుతురు, చిన్న రిజల్యూషన్, మెల్లగ చదివితే సరిపోయే కాడ కంప్రెసివ్ సెన్సింగ్ చిప్పుతోని మిగిలేది తక్కువ. ఇది తప్పకుండ గెలిచే జాగలు వేరే ఉన్నయి. పిక్సెల్ పిరమైన ఇన్‌ఫ్రారెడ్, రీడౌట్ అడ్డమై ఫ్రేములు పెరగని హైస్పీడ్ కెమెరాలు, కొలతకు టైం పట్టే పనులు. ఎంఆర్ఐ చూడు, 2007ల లస్టిగ్, డోనోహో, పాలీ దారి చూపెట్టిండ్రు, 2017ల వైద్య పరికరాలకు అనుమతులిచ్చే అమెరికా ఎఫ్‌డీఏ కంపెనీల మెషిన్లకు అనుమతి ఇచ్చింది, ఊపిరి బిగబట్టలేని ముసలోళ్లకు, కదలకుండ ఉండలేని పిల్లలకు స్కాన్ టైం తగ్గుడు చిన్న మాట కాదు.

అట్లని ప్రాజెక్టు వదలకు. రీడౌట్, సిగ్మా-డెల్టా, నాయిస్ లెక్క, బొమ్మ తిరిగి కట్టే డీకోడర్ నాలుగూ ఒకే పనిల నేర్పేది ఇంకోటి నాకు తెల్వదు. రిపోర్టుల మాత్రం మామూలు సెన్సర్‌తోని పోల్చిన పట్టిక బిట్లల్ల, జూళ్లల్ల పెట్టు, ఓడిన కాడ ఓడిందని రాయి.

కృష్ణమ్మ_ఒడ్డు
మంగళవారం ఉదయం 6:50

డీకోడర్ గురించి ఒక మాట. సున్నా కాని విలువలను ఒక్కోటి ఏరే ఓఎంపీ పద్ధతితోని మొదలుపెట్టు, ఇరవై లైన్ల కోడ్, లోపట ఏమైతున్నదో కండ్లకు కనపడ్తది. తర్వాత టీవీ (టోటల్ వేరియేషన్) మినిమైజేషన్, ఫిస్టా అనే పద్ధతులు చూడు. రీకాన్‌నెట్ లాంటి న్యూరల్ నెట్‌వర్కులు స్పీడుగ, నున్నగ బొమ్మ ఇస్తయి గానీ కొలతలు తక్కువైనప్పుడు అవి శిక్షణల చూసిన బొమ్మలను తెచ్చి అతికిస్తయి. కుక్కను పంది చేసే ప్రమాదం ఉన్నది. ఏ బొమ్మ వచ్చినా దాన్ని మళ్ల నమూనాలతోని గుణించి, చిప్పు ఇచ్చిన కొలతలతోని సరిపోతున్నదా చూడు. ఇంకోటి, చిప్పుల అసలు నమూనా కాగితం మీద నమూనా లెక్క ఉండదు, కాలమ్ కాలమ్‌కు గెయిన్ (సిగ్నల్ పెంచే పాలు) తేడా ఉంటది. ఒకే తీరు వెలుతురు పెట్టి ఆ తేడా కొలిచి డీకోడర్‌కు చెప్పకపోతే బ్లాకు గీతలు తేల్తయి.

అచ్చంపేట_పల్లిచేను
రెండు వారాల తర్వాత, శనివారం రాత్రి 9:30

అందరికి దండాలు. ఇన్ని దినాలు చేసింది రాస్తున్న. 850 నానోమీటర్ల ఐఆర్ ఎల్ఈడీలున్న పాత సీసీ కెమెరా ఒకటి తెచ్చి మంచెకు కట్టి రాత్రులు రికార్డు చేసిన, పందులు రెండు రాత్రులు వచ్చినయి. ఆ వీడియోను 64×64కు తగ్గించి, బ్లాకులు చేసి, 15 బిట్లకు కోసి, రీడ్ నాయిస్, ఫోటాన్ నాయిస్ రెండూ కలిపి పైథాన్ల నడిపిన. గాలి లేని రాత్రి మేడం చెప్పినట్టే జరిగింది, పంది ఉన్న బ్లాకులే లేచినయి, మిగిలినయి గమ్మున ఉన్నయి. గాలి లేచిన రాత్రి మాత్రం గట్టు మీది వేపకొమ్మ ఊగి పైవరుస బ్లాకులన్నీ మొత్తుకున్నయి, తేడా బొమ్మ స్పార్స్ కాకుండ పోయింది, ఓఎంపీ చెత్త ఇచ్చింది. పైరెండు వరుసల బ్లాకులు లెక్కల నుంచి తీసేసి, ఖాళీ చేను కొలతలను మెల్లమెల్లగ మార్చుకుంట పోయేటట్టు చేసినంక కుదిరింది. నాయిస్ లేకుండ నడిపిన రోజు అంతా మంచిగ కనపడ్డది, నాయిస్ కలిపిన రోజు 0, 1 నమూనాకు, ప్లస్ మైనస్ నమూనాకు తేడా ఏందో నా కండ్లతోని చూసిన.

మా గైడ్ సార్ 256×256 అని పట్టుబట్టిండు, బత్తాయన్న లెక్క చూపెట్టినంక 64×64కు ఒప్పుకున్నడు. స్కైవాటర్ కంపెనీ 130 నానోమీటర్ల ఓపెన్ పీడీకే (చిప్పు తయారీ డిజైన్ ఫైళ్లు) మీద, సర్క్యూట్ గీసే ఎక్స్‌స్కీమ్‌ల గీస్తున్న, పిక్సెల్ నాలుగు ట్రాన్సిస్టర్లే, ఎంపిక స్విచ్చులన్నీ కాలమ్ అడుగున. బత్తాయన్న చేసిచ్చిన బోర్డు నిన్న గట్టు మీద పెట్టినం, నాయిన రాత్రి ఇంట్లనే పండుకున్నడు. రాత్రి రెండు గంటలకు బజర్ మోగింది, టార్చి పట్టుకొని పోయే వరకు గుంపు గట్టు దాటలే.

నల్లగొండ_బత్తాయి
శనివారం రాత్రి 9:44

మస్తు మంచి మాట చెప్పినవు తమ్మీ. డబ్బా మూతకు సిలికాన్ పట్టించు, మంచు పడితే లెన్స్ మీద చెమ్మ పడ్తది.

పిల్లలమర్రి_నీడ
శనివారం రాత్రి 10:30

లేఅవుట్‌కు పోయే ముందు మూడు చూసుకో. ఎల్ఎఫ్ఎస్ఆర్ సీడ్ ఫ్రేమ్ ఫ్రేమ్‌కు మార్చొద్దు, ఖాళీ చేనుకు, ఇప్పటి ఫ్రేమ్‌కు ఒకే నమూనా లేకపోతే తీసివేతకు అర్థం లేదు. ప్రతి కొలతకు ముందు సిగ్మా-డెల్టా ఇంటిగ్రేటర్ రీసెట్ కావాలె, లేకపోతే ముందు కొలత తోక దీంట్లకు వస్తది. ఇంకా చివరి రెండు కాలమ్‌లు మెటల్‌తోని మూసెయ్, వెలుతురు పడని పిక్సెల్స్ ఉంటే చీకట్ల కూడ పారుతూ వేడికి పెరిగే డార్క్ కరెంట్ ఎంతో దాంతోనే తెలుస్తది, మన దిక్కు ఎండాకాలంకు అది తప్పదు. స్కీమాటిక్ అయినంక ఇక్కడనే పెట్టు, ఆదివారం కూసొని చూస్త.